ఆ అతుకులు ఎవరివి?

అన్నయ్య 2019లో పోయాడు. మూడేళ్ళ తర్వాత వదిన అటక మీది సామాను దింపించాలనుకుంది. నేను రిటైరై తీరిగ్గానే ఉన్నాను కనక సాయానికి వెళ్ళాను. ఇత్తడి గంగాళం, పిల్లల పాత నోటుపుస్తకాలు, చినిగిన పరుపు, వీటన్నిటి వెనక ఒక బిస్కెట్ల రేకు డబ్బా. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడ పెట్టి ఎత్తాను. లోపల అరచేయంత సర్క్యూట్ బోర్డు, సగమే కట్టింది. నల్ల స్పాంజి ముక్కలో గుచ్చిన ఎనిమిది కాళ్ళ ఐసీ ఒకటి, చిన్న చిన్న పొట్లాల్లో రెసిస్టర్లు, కెపాసిటర్లు, నాలుగు మడతలు పెట్టిన గళ్ళ కాగితం మీద అన్నయ్య చేతిరాత. పైన 'ఫోనో ప్రీయాంప్' అని, మూలన 2004 అని ఉంది.

"అదా, అది పూర్తవలేదు," అంది వదిన, పప్పు ఉడకలేదన్నంత మామూలుగా.

మా ఇంట్లో అన్నయ్య హాబీ గురించి తెలియని చుట్టం లేడు. ముందుగదిలో చెక్క పెట్టెలో బిగించిన ఆంప్లిఫయర్ ఇప్పటికీ ఉంది. 1988లో కట్టింది. ఎవరు వచ్చినా కాఫీ కంటే ముందు దాన్ని చూపించేవాడు. "బజార్లో కొన్నది కాదు, నేనే చేశాను" అనేవాడు. 2003లో జుమేరాత్ బజార్‌లో ఒక పాత జపాన్ టర్న్‌టేబుల్ దొరికింది. దాంతోనే చిక్కొచ్చిపడింది. అంతకు ముందున్న రికార్డు ప్లేయర్‌లో సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉండేది. అది ఇచ్చే సంకేతం పెద్దది, తిన్నగా ఆంప్లిఫయర్‌కి తగిలించినా పలికేది. కొత్తదానిలో ఉన్నది మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్. ముల్లు కదిలితే అయస్కాంతం కదిలి, తీగచుట్టలో పుట్టేది నాలుగైదు మిల్లీవోల్టులు మాత్రమే. దాన్ని వంద రెట్లు పెంచితే తప్ప ఆంప్లిఫయర్‌కి వినపడదు. అలా పెంచడానికి ముందు పెట్టే చిన్న ఆంప్లిఫయరే ప్రీయాంప్. అన్నయ్య మొదలుపెట్టాడు, ఆపేశాడు. టర్న్‌టేబుల్ మీద గుడ్డ కప్పి, దాని మీద కృష్ణుడి బొమ్మ పెట్టారు. పద్దెనిమిదేళ్ళు అలాగే ఉంది.

అమెరికాలో ఉన్న మేనల్లుడికి ఫోన్లో చెబితే నవ్వాడు. "అత్తా, అలాంటిది ఆన్‌లైన్‌లో రెండు వేలకి వస్తుంది. ఆర్డర్ పెట్టనా?"

వదిన ఫోన్ లాక్కుంది. "వద్దురా. సగం ఉంది కదా. మీ అత్త చేస్తుంది."

నేను నిర్ఘాంతపోయాను. ముప్ఫయి నాలుగేళ్ళు సోషియాలజీ పాఠాలు చెప్పినదాన్ని. ప్లగ్గులో ఫ్యూజు వెయ్యడం కూడా రాదు.

రాదు అనడం కంటే రానివ్వలేదు అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. అన్నయ్య ఇంటర్ చదివే రోజుల్లో డాబా మీది గదిలో ట్రాన్సిస్టర్ రేడియో కడుతుంటే గుమ్మం దగ్గర నుంచుని చూసేదాన్ని. సోల్డరింగ్ ఐరన్ మొన తగలగానే వెండి తీగ కరిగి చుక్కలా జారడం, సన్నగా పొగ లేవడం, ఆ దేవదారు బంక వాసన, అన్నీ గుర్తున్నాయి. ఒకసారి పట్టుకుంటానన్నాను. "కాలుతుందే, ఆడపిల్లవి" అన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానే. రోజూ రెండుపూటలా పొయ్యి మీంచి అన్నం గిన్నె దింపి గంజి వార్చే పిల్లని నేను. అది కాలదా మరి? ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

రెసిస్టర్ల మీద రంగు పట్టీలుంటాయి కదా, వాటిని ఎలా చదువుతావని అడిగితే ఒక ఇంగ్లీషు వాక్యం ఉందని, నాకు చెప్పకూడదని నవ్వాడు. చాలా ఏళ్ళకు ఒక ఇంజినీరింగ్ లెక్చరర్ స్నేహితురాలు చెప్పింది ఆ వాక్యం ఏమిటో. నలుపు నుంచి తెలుపు వరకు పది రంగుల మొదటి అక్షరాలతో కూర్చిన వాక్యం అది. అమ్మాయిల మీద బలాత్కారం గురించి. దశాబ్దాల పాటు దేశదేశాల లాబుల్లో కుర్రాళ్ళు దాన్ని జ్ఞాపకం కోసం వల్లె వేశారు. ఆ గదుల్లో ఉన్న ఒకరిద్దరు ఆడపిల్లలు తలొంచుకుని వాళ్ళూ నేర్చుకున్నారు. వాళ్ళకూ పరీక్షలో మార్కులు కావాలి మరి.

అసలు సంగతికి వస్తాను. డబ్బాలోని బోర్డుని వెనక్కి తిప్పి చూశాను. రాగి చుక్కల మీద టంకం అతుకులు. ఏమీ తెలియని నాకు కూడా అవి రెండు రకాలని కనిపించింది. ఒక మూల ఇరవై ముప్ఫై అతుకులు చిన్న గోపురాల్లా, మెరుస్తూ, ఒకే ఎత్తున ఉన్నాయి. మిగతావి ముద్దలు ముద్దలుగా, మసకగా, ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నాయి. "పాపం, చివర్లో అన్నయ్యకి చెయ్యి వణికినట్టుంది, మొదట్లో ఎంత చక్కగా పెట్టాడో" అన్నాను.

వదిన కళ్ళజోడు సవరించుకుని చూసింది. "ఆ ముద్దలే మీ అన్నయ్యవి," అంది. "చక్కగా ఉన్నవి నావి."

నేను చెక్క పెట్టె వైపు చూశాను. ఆమె నా చూపు పట్టుకుంది. "అదీ అంతే. ఆయన బొమ్మ గీసేవాడు, లెక్కలు వేసేవాడు, సామాను తెచ్చేవాడు. నేను అతికించాను, అంతే."

ఆ 'అంతే' దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

వదిన పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక మూడేళ్ళు కూడా, నగర శివార్లలోని ఒక ఎలక్ట్రానిక్స్ కార్ఖానాలో పనిచేసింది. 1976 నుంచి 1983 వరకు. ఇది నాకు తెలియదని కాదు. 'ఏదో కంపెనీలో చేసేది' అన్నంతవరకు తెలుసు. అక్కడ ఏం చేసేదని నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడిగితే చెప్పింది. పొడవాటి బల్లలు, బల్లకి పదహారుమంది అమ్మాయిలు, అందరూ పదో తరగతి పాసైనవాళ్ళే. రేడియో బోర్డు మీదుగా వస్తుంటే ఒక్కొక్కరు తమ వంతు ముక్కలు గుచ్చి అతికించి పక్కకి తోయాలి. గంటకి ఇన్ని అతుకులని లెక్క. టెస్టింగ్ గదిలో ఐటీఐ చదివిన మగపిల్లలు. వాళ్ళది 'స్కిల్డ్', వీళ్ళది కాదు. ప్రతి అమ్మాయికీ ఒక నంబరు. బోర్డు అంచున ఆ నంబరు వెయ్యాలి, తప్పు దొరికితే ఎవరిదో తెలియడానికి, జీతంలో కోత పెట్టడానికి. వదిన నంబరు 37. ఇన్‌స్పెక్టరు ఎర్ర సిరాతో చెడ్డ అతుకు మీద చుక్క పెట్టి వెనక్కి పంపేవాడు. ఇన్‌స్పెక్టర్లలో ఒక్క ఆడమనిషి కూడా ఉండేది కాదు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో 'ఫెమినిస్ట్ రివ్యూ'లో రాసిన వ్యాసం గుర్తుండే ఉంటుంది. ఎలక్ట్రానిక్స్, బట్టల ఫ్యాక్టరీలు ఆడపిల్లల్నే ఎందుకు కోరుకుంటాయన్న దాని గురించి. ఆడవాళ్ళవి పుట్టుకతోనే చురుకైన వేళ్ళు అని యజమానులు చెప్పేది అబద్ధమని, ఆ చురుకు చిన్నప్పటి నుంచి ఇంట్లో కుట్టుపని, ఇంటిపని నేర్పగా వచ్చిందని, ఆ శిక్షణ నాలుగు గోడల మధ్య జరిగింది కనక అది నైపుణ్యంగా లెక్కకు రాదని, కనక కూలి తక్కువని వాళ్ళ వాదన. ఆ వ్యాసాన్ని నేను ఎన్నో బ్యాచ్‌లకు పాఠంగా చెప్పాను. ఒక సెమినార్లో దాని ఆధారంగా పేపరు చదివాను. మలేసియాలో, దక్షిణ కొరియాలో మైక్రోస్కోపుల కింద కళ్ళు పాడుచేసుకునే ఎలక్ట్రానిక్స్ కార్మికుల గురించి. పేపరు బాగుందన్నారు. ఇంటికొచ్చి వదిన పెట్టిన అన్నం తిన్నాను. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరు మరిచిపోయిన ఇల్లాలి గురించి క్లాసులో అంత ఆవేశంగా మాట్లాడినదాన్ని, నా ఎదురుగా ఉన్న మనిషి చేతులు ఏమి చేసి వచ్చాయో అడగలేదు.

ఇంకా మింగుడుపడనిది ఒకటుంది. రాయకుండా ఉందామనుకున్నాను. 1983లో అమ్మకి పక్షవాతం వచ్చింది. అదే సంవత్సరం నాకు ఢిల్లీలో ఎం.ఫిల్.లో సీటు వచ్చింది. అమ్మను చూసుకునే మనిషి కావాలి. వదిన ఉద్యోగం మానేసింది. మా ఇంట్లో దాన్ని ఎప్పుడూ అలా చెప్పుకోలేదు. 'చిన్న ఉద్యోగం, రెండు బస్సులు మారాలి, ఎందుకులే అని మానేసింది' అనేవాళ్ళం. నేనూ అలాగే అనేదాన్ని. నా చదువు గురించి రాసుకున్న చోట్ల నాన్న ప్రోత్సాహం గురించి రాశాను, అన్నయ్య పంపిన మనియార్డర్ల గురించి రాశాను. ఆమె గురించి ఒక్క వాక్యం లేదు.

"బాధపడ్డావా అప్పుడు?" అని అడిగాను.

"జీతం రోజు మాత్రం గుర్తొచ్చేది," అంది. కాసేపాగి, "ఏడో తారీఖు" అంది.

మరి ఆంప్లిఫయర్ సంగతి? అన్నయ్య 'నేనే చేశాను' అన్నప్పుడల్లా పక్కన కాఫీ గ్లాసులు పట్టుకుని నుంచున్న మనిషి ఏమనుకునేది? నాకు కోపం సిద్ధంగా ఉంది. ఆమె ఆ కోపానికి చోటివ్వలేదు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి మొదలుపెట్టేవాళ్ళట. టేబుల్ లాంప్ వెలుగు చాలక అన్నయ్య టార్చి పట్టుకుని వంగి నుంచునేవాడట. "నువ్వు పెడితే అద్దంలా ఉంటుంది" అనేవాడట. మధ్యలో టీ ఆయనే పెట్టేవాడట. "మీ అన్నయ్య టీ పెట్టింది ఆ రాత్రుళ్ళే," అని నవ్వింది. తన కాపురంలో మంచి గంటలు ఏవంటే అవే అన్నది. నేను నమ్ముతున్నాను. అతిథుల ముందు ఆ గంటల్ని ఆయన ఒక్కడే ఖర్చు పెట్టుకున్నాడన్నదీ నమ్ముతున్నాను. ఈ రెంటినీ ఒక చోట ఎలా పెట్టాలో నాకింకా తెలియలేదు.

పద్దెనిమిదేళ్ళ కిందట పని ఎందుకు ఆగిందో కూడా అప్పుడే తెలిసింది. 2004లో వదినకు ఆయాసం ఎక్కువైంది. టంకం తీగలో సీసం, తగరం ఉంటాయి. మధ్యలో సన్నటి కాలువగా రోజిన్, అంటే దేవదారు జాతి చెట్ల బంక ఉంటుంది. ఐరన్ వేడికి సీసం ఆవిరి కాదు, ఆ లేచే పొగ రోజిన్‌ది. ఏళ్ళ తరబడి పీలిస్తే అది ఆస్తమా తెప్పిస్తుందన్నది వైద్యులకు బాగా తెలిసిన విషయం. కార్ఖానాలో బల్ల దగ్గర పొగ లాగే ఫ్యాను ఉండేది కాదట. కిటికీ పక్క కుర్చీ కోసం అమ్మాయిలు వంతులు వేసుకునేవారట. డాక్టరు ఇక పొగకు దూరంగా ఉండమన్నాక వదిన ఐరన్ పక్కన పెట్టింది. అన్నయ్య ఒక్కడే నాలుగు రోజులు కూర్చుని ఆ ముద్దలు పెట్టాడు. తర్వాత డబ్బా మూత వేసేశాడు.

అందుకే ఆమె మేనల్లుడితో 'మీ అత్త చేస్తుంది' అన్నది.

సామాను కోసం కోఠీ వెళ్ళాం. గుజరాతీ గల్లీలో ఒక్కో దుకాణం బీరువా అంత. అరలనిండా చిన్న చిన్న సొరుగులు. మమ్మల్ని చూసి దుకాణదారు "సార్ రాసిచ్చిన లిస్టుందా అమ్మా?" అన్నాడు. ఉన్న మాటే, సార్ రాసిచ్చిన లిస్టే. వదిన చదవడం మొదలుపెట్టింది. ఎన్ఈ 5532 ఐసీ ఒకటి, పాత దాని కాలు విరిగింది. దానికి బేసు. 7815, 7915 రెగ్యులేటర్లు ఒక్కోటి. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్. వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్లు, 35 వోల్టులవి. అతను ఒక పొట్లం ముందు పెట్టాడు. ఆమె అందులోంచి ఒక రెసిస్టర్ తీసి కాలు మీద గోరుతో గీకింది. "ఇవి నల్లబడ్డాయి బాబూ, టంకం పట్టదు. కొత్తవి తియ్యి." అతను ఆమె మొహం వైపు చూసి, ఏమీ అనకుండా వెనక సొరుగులోంచి వేరే పొట్లం తీశాడు. బయటికొచ్చాక ఆమె నడక మారింది. నేను కల్పించుకుని రాస్తున్నాననుకోవచ్చు, కానీ మారింది. బ్యాంక్ స్ట్రీట్ చివర నిమ్మకాయ సోడా తాగుదామని ఆమే అంది.

మొదటి వారం నా చేత బోర్డు ముట్టుకోనివ్వలేదు. పనికిరాని బోర్డు ముక్క మీద తీగలు అతికించడం, ఊడపీకడం. తను గదికి అవతలి మూల, కిటికీ దగ్గర కూర్చునేది. మధ్యలో టేబుల్ ఫ్యాను పెట్టి పొగ బయటికి పోయేలా తిప్పాం. అక్కడి నుంచే చెప్పేది. "ఐరన్‌తో టంకాన్ని కరిగించకు. కాలునీ రాగినీ వేడి చెయ్యి, టంకం వాటికి తగిలించు, అదే కరిగి పాకుతుంది." నేను దోశ పెనం మీద నూనె రాసినట్టు రాసేదాన్ని. "చెయ్యి తియ్యి. చల్లారేదాకా కదపకు. కదిపితే మసకబారుతుంది, లోపల పట్టదు." అలా పైకి అతుక్కున్నట్టు కనిపిస్తూ లోపల పట్టని దాన్ని డ్రై జాయింట్ అంటారు. అన్నయ్య ముద్దల్లో చాలా అలాంటివే. వాటిని పీకి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. సాయంత్రం పొగ పోయాక ఆమె భూతద్దం, ఎర్ర స్కెచ్‌పెన్ను తెచ్చుకుని నా పని చూసేది. మొదటి రోజు పదకొండు ఎర్ర చుక్కలు పడ్డాయి. జీవితమంతా ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దినదాన్ని, చుక్కలు లెక్కపెట్టుకుని సిగ్గుపడ్డాను.

రంగులు కూడా ఆమే నేర్పింది. ఆమెకు ఆ ఇంగ్లీషు వాక్యం తెలియదు, ఎప్పుడూ అవసరం పడలేదు. "పసుపు, ఊదా, నారింజ. నలభై ఏడు వేలు. మీ అమ్మకి అలాంటి పోచంపల్లి చీర ఉండేది, గుర్తులేదూ?" కార్ఖానాలో అమ్మాయిలు రెసిస్టర్లను చీరలతోనే గుర్తుపెట్టుకునేవారట.

ఈ ప్రీయాంప్ చేసేది సంకేతాన్ని పెంచడం ఒక్కటే కాదు, ఇంకొకటుంది. నన్ను బాగా ఆకట్టుకున్నది అదే. రికార్డు మీద శబ్దాన్ని ఉన్నదున్నట్టు చెక్కరు. మంద్ర స్వరాలు గాడిని మరీ వెడల్పుగా ఊపుతాయి, పక్క గాడిలోకి పోతాయి. అందుకని వాటిని తగ్గించి చెక్కుతారు. పై స్వరాలు ప్లాస్టిక్ రాపిడి బుసలో కలిసిపోతాయి. అందుకని వాటిని పెంచి చెక్కుతారు. వెయ్యి హెర్ట్జ్‌ను మధ్యగీతగా పెట్టుకుంటే, 20 హెర్ట్జ్ దగ్గర సుమారు పదో వంతు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు పది రెట్లు. వినేటప్పుడు ప్రీయాంప్ దీన్ని తిరగేసి సరిచెయ్యాలి. ఒకప్పుడు ఒక్కో రికార్డు కంపెనీది ఒక్కో పద్ధతి. 1954లో అమెరికన్ రికార్డు కంపెనీల సంఘం పెట్టిన ఆర్ఐఏఏ ప్రమాణాన్నే తర్వాత అంతా పాటించారు. అన్నయ్య కాగితం మీద 3180, 318, 75 అని మూడు అంకెలు చుట్టుగీసి ఉన్నాయి, మైక్రోసెకన్లలో. ఐసీ చుట్టూ ఉండే రెండు కెపాసిటర్లు, రెండు మూడు రెసిస్టర్లు ఆ మూడు కాలాలకు సరిపోవాలి. కుడివైపువీ ఎడమవైపువీ ఒకటిగా ఉండాలి. కెపాసిటర్లకు 5 శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది కనక పది కొని, మీటరుతో కొలిచి, ఈడుజోడు చూసి జతలు కట్టాం. "పెళ్ళిచూపుల్లా ఉంది," అంది వదిన. "ఇక్కడ మాత్రం కొలిచే చేస్తారు."

230 వోల్టుల వైపు నన్ను అసలు రానివ్వలేదు. ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు, మూడు పిన్నుల ప్లగ్గు, అన్నీ స్క్రూలతో తనే బిగించింది. అక్కడ పొగ లేదు కదా. నేను మాత్రం చెయ్యాల్సిన తప్పు చేశాను. మైనస్ 15 వోల్టుల వైపు కెపాసిటర్ ప్లస్ కాలు ఎర్త్‌కి పోవాలి. నేను మామూలు అలవాటున తిరగేసి పెట్టాను. స్విచ్ వేసిన అరనిమిషానికి టప్పున పేలింది. గదంతా పాడు కంపు. నేను కుర్చీ మీంచి లేచి తలుపు దాకా పరిగెత్తాను. వదిన కదలకుండా స్విచ్ ఆపి, "రెండోదీ తిరగేశావేమో చూడు" అంది.

తర్వాత అసలు కష్టం. అన్నీ సరిగ్గా ఉన్నాయి, వోల్టులు సరిగ్గా వస్తున్నాయి, కానీ స్పీకర్లలో గుయ్‌మని హోరు. 50 హెర్ట్జ్ హోరు అది, మన గోడల్లో ఉండే కరెంటు గొంతు. మిల్లీవోల్టుల్ని వంద రెట్లు పెంచే పెట్టె, దానికి వినపడే ప్రతి చెత్తనీ వంద రెట్లు పెంచుతుంది. నాలుగు రోజులు ఆ హోరుతో కాపురం చేశాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా ఉండటం వల్లనేమోనని దాన్ని వేరే డబ్బాలో పెట్టి జానెడు తీగతో దూరంగా జరిపాం. సగం తగ్గింది. ఎర్త్ తీగలన్నీ ఒక్క చుక్క దగ్గరికే తెచ్చి కలిపాం. ఇంకొంచెం తగ్గింది. ఐదో రోజు వదిన వంటింట్లోంచి తడి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, టర్న్‌టేబుల్ చెయ్యిని ఊరికే పట్టుకుంది. హోరు ఆగింది. వదిలింది, మొదలైంది. పట్టుకుంది, ఆగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. టర్న్‌టేబుల్ వెనక వేలాడుతున్న సన్నటి ఆకుపచ్చ తీగను ఎక్కడా తగిలించలేదు మేము. దాన్ని పెట్టె ఒంటికి స్క్రూతో బిగిస్తే సరి.

ఈ పనిలో ఉండగా డీలియా డెర్బీషైర్ గురించి చదివాను. గణితం, సంగీతం చదువుకున్న ఆ ఇంగ్లీషు అమ్మాయి 1959లో డెక్కా రికార్డు కంపెనీకి ఉద్యోగానికి వెళితే, రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్ళని పెట్టుకోమన్నారు. నాలుగేళ్ళకు, 1963లో, బీబీసీలో ఆమె టేపు ముక్కలు కోసి అతికించి 'డాక్టర్ హూ' సంగీతానికి ఆ రూపమిచ్చింది. రాన్ గ్రెయినర్ రాసిన బాణీ అది. విన్నాక ఆయన ఆమెకూ సగం గుర్తింపు రావాలన్నాడట, సంస్థ నియమాలు ఒప్పుకోలేదు. టంకం పెట్టడానికి ఆడవాళ్ళ వేళ్ళు కావాలి, వినడానికి మాత్రం వాళ్ళ చెవులు పనికిరావు.

మొదట ఏ రికార్డు పెట్టాలన్నదానికి చర్చ జరగలేదు. పైన ఉన్నది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వెంకటేశ్వర సుప్రభాతం, 1963లో హెచ్.ఎం.వి. తెచ్చిన ఎల్పీ. రాత్రి పదిన్నరకి పెట్టాం. కింద వాటా ఆవిడ కంగారుగా పైకొచ్చింది, తెల్లారిపోయిందేమోనని. ఆవిడనీ కూర్చోబెట్టాం.

నాకు భక్తి లేదు. ఆ సుప్రభాతం మాత్రం నా ఒంట్లో ఉంది, గుడి మైకులోంచి, పక్కింటి టేప్‌రికార్డర్‌లోంచి, బస్టాండులోంచి వేలసార్లు విన్నాను. ఎప్పుడు విన్నా ఒకటే గొంతు అనుకున్నాను. ఆ రాత్రి ఇంకో గొంతు వినిపించింది. ఎం.ఎస్. గొంతుకి ఆనుకుని, ఊపిరి తీసుకునే చోట పట్టుకుని, మళ్ళీ వెనక్కి తగ్గే గొంతు. అట్ట తిప్పి చూస్తే రాధా విశ్వనాథన్ పేరు ఉంది, చిన్న అక్షరాల్లో. అట్ట మీద ఎప్పుడూ ఉన్న పేరే.

"ఆవిడ కూతురు కదా," అంది కిందింటావిడ.

"ఆయన మొదటి భార్య కూతురు. ఈవిడ పెంచింది," అంది వదిన. ఇద్దరూ ఆ సంసారం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను ఆ రెండో గొంతునే వింటూ ఉన్నాను.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోన్ కంపెనీ కోసం పాడినప్పుడు, ప్రతి పాట చివరా ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పుకుంది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఎవరి రికార్డో అక్కడి వాళ్ళకు తెలియడానికి అలా చెప్పించారంటారు. ఫ్యాక్టరీ సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటే. ఆమె మాత్రం దాన్ని ఎంత ధీమాగా పలుకుతుందంటే, పాట కంటే నాకు ఆ మూడు నాలుగు మాటలే ఎక్కువసార్లు వినాలనిపిస్తుంది.

మర్నాడు మేనల్లుడికి వీడియో కాల్‌లో చూపించాం. "అమ్మా, సూపర్. ఎవరు చేశారు?" అన్నాడు. వదిన "మీ నాన్న మొదలుపెట్టిందే" అంది. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాక అడిగాను. "వాడు అంత దూరాన ఉన్నాడు. వాళ్ళ నాన్నది ఒకటి పలుకుతోందంటే వాడికి బాగుంటుంది," అంది. ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ రెట్టించలేదు. కానీ ఒప్పుకోలేదు కూడా. ఆ సాయంత్రం మేనల్లుడికి విడిగా పెద్ద మెసేజ్ రాశాను, 1988 నాటి చెక్క పెట్టెతో సహా. ఆమెను అడగకుండా పంపాను. అది నా పనేనా అని ఇప్పటికీ అనుమానమే. వాడు రెండు రోజుల తర్వాత 'నాకు తెలుసత్తా, రాత్రిపూట వాసన వచ్చేది' అని ఒక్క లైను పంపాడు.

పెట్టె మూత బిగించేముందు వదిన ఆగమంది. స్కెచ్‌పెన్ను తెచ్చింది, ఎర్రది కాదు, నల్లది. బోర్డు అంచున, తన పాత అతుకుల పక్కన, 37 అని వేసింది. నాకు ఆ అంకె చూస్తే ఎలాగో అయింది. జీతం కోయడానికి వాళ్ళిచ్చిన నంబరు అది. ఆ మాటే అన్నాను. "కోసింది రెండేసార్లు," అంది. తర్వాత నా అతుకులున్న వైపు బోర్డు తిప్పి, పెన్ను పట్టుకుని, నా వైపు చూసింది.

"నాకూ ఒక నంబరెయ్యి," అన్నాను.

"మూడు నెలలు దాటితేనే నంబరిచ్చేవాళ్ళు," అని, 'కొత్త' అని రాసి మూత పెట్టింది.

కుడి స్పీకర్లో ఇంకా కొంచెం హోరుంది. చెవి దగ్గర పెడితేనే వినిపిస్తుంది. నా అతుకుల్లో ఏదో ఒకటి సరిగ్గా పట్టలేదని వదిన అనుమానం.